కొడుకు బొమ్మ లేని స్మారకం

బెర్లిన్

నాన్నకు నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. నేను పంపిన ఫోటో చూసి, "అంత పెద్ద హాల్లో ఒక్క బొమ్మేనా? పైకప్పుకి ఆ కంత ఏమిటి?" అని అడిగారు కదా. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

ఆ హాలు పేరు నోయె వాఖె. 1818లో రాజుగారి కాపలాదళం కోసం కట్టారు. ఇప్పుడది యుద్ధాలకూ నిరంకుశ పాలనకూ బలైనవాళ్ళ జాతీయ స్మారకం. కంత కావాలనే వదిలారు. వానొస్తే బొమ్మ తడుస్తుంది, మంచు కురిస్తే ఆ తల్లి భుజాల మీదే పడుతుంది. చనిపోయిన కొడుకును మోకాళ్ళ మధ్య పొదువుకుని కూర్చుంది చూశారా, ఆ తల్లిని చేసినావిడ కేటె కోల్‌విట్స్.

ఆవిడ 1867లో కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టింది. భర్త కార్ల్ డాక్టరు, బెర్లిన్‌లో కూలీనాలీ జనం ఉండే పేటలో వైద్యం చేసేవాడు. ఆయన దగ్గరికి వచ్చే ఆడవాళ్ళ బాధలే ఈవిడ బొమ్మల్లోకి వచ్చాయి. 1919లో ప్రష్యన్ కళా అకాడమీ సభ్యురాలైంది. 1933లో హిట్లర్ రాగానే ఒత్తిడి పెట్టి రాజీనామా చేయించారు.

అసలు చెప్పాల్సింది చిన్నకొడుకు పీటర్ గురించి. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యేసరికి వాడికి 18 ఏళ్ళు. సైన్యంలో చేరాలంటే తండ్రి ఒప్పుకోవాలి. కార్ల్ ససేమిరా అన్నాడు. పీటర్ తల్లిని బతిమాలుకున్నాడు. ఆవిడే భర్తకు నచ్చజెప్పింది. అక్టోబరులోనే బెల్జియంలో పిల్లాడు పోయాడు.

ఆ డిసెంబరుకే స్మారకం చెయ్యాలని నిశ్చయించుకుంది. కొడుకు పడుకుని ఉంటాడు, తలవైపు తండ్రి, కాళ్ళవైపు తల్లి. ఇదీ మొదటి ఊహ. ఏళ్ళ తరబడి చేసి, నచ్చక 1919లో ఆపేసింది. కొన్నేళ్ళకు మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కొడుకును తీసేసి తల్లిదండ్రులను మాత్రమే ఉంచింది. 1932లో వాటిని పీటర్‌ను పాతిపెట్టిన శ్మశానంలో నిలబెట్టారు. అంటే 18 ఏళ్ళు పట్టింది నాన్నా, వాడు బతికినన్ని ఏళ్ళు.

తర్వాత సమాధులతో పాటు ఆ బొమ్మలనూ బెల్జియంలోనే వ్లాడ్స్‌లో అనే ఊరికి మార్చారు. ఈస్టర్ సెలవుల్లో వెళ్ళి చూసొచ్చాం. ఓక్ చెట్ల కింద, నేలకు పరిచిన రాతిపలకలు. ఒక్కో పలక మీద 20 పేర్లు. మొత్తం 25 వేల మందికి పైగా జర్మన్ సైనికులున్నారట. పీటర్ పేరున్న పలక బొమ్మల ముందే ఉంది. తండ్రి మోకాళ్ళ మీద నిటారుగా, రెండు చేతులతో తనను తానే బిగించి పట్టుకుని ఉన్నాడు. తల్లి బాగా ముందుకు వంగిపోయింది. ఇద్దరివీ వేరువేరు దిమ్మెలు, మధ్యలో ఖాళీ. ఒకరినొకరు తాకరు. నాకు గొంతు పట్టేసింది. అనుమతి ఇచ్చిన ఇద్దరూ అలా మోకరిల్లి ఉంటే చూస్తూ నిలబడటం కష్టం. మన సెంటర్లలో చెయ్యెత్తి నిలబడే విగ్రహాలు చూసి పెరిగినదాన్ని, స్మారకం ఇలా కూడా ఉంటుందని ఇక్కడే తెలిసింది.

బెర్లిన్ బొమ్మ విషయంలో మాత్రం నాకు చిన్న అసంతృప్తి ఉంది. ఆవిడ చేసింది 38 సెంటీమీటర్లదే. ఆవిడ పోయిన చాలా ఏళ్ళకు, 1993లో, దాన్ని దాదాపు నాలుగింతలు పెంచి అక్కడ పెట్టారు. చంపినవాళ్ళనూ చచ్చిపోయినవాళ్ళనూ ఒకే గాటన కట్టేశారని అప్పట్లో చాలామంది అభ్యంతరం చెప్పారు. వాళ్ళ మాటలో న్యాయం ఉందనిపిస్తుంది. వ్లాడ్స్‌లోలో అలాంటి ప్రశ్నే రాదు, అది ఒక్క ఇంటి దుఃఖం.

రెండో యుద్ధంలో మనవడూ పోయాడు, 1942లో, రష్యాలో. వాడి పేరు కూడా పీటరే. యుద్ధం ఇంకో రెండు వారాల్లో ముగుస్తుందనగా, 1945 ఏప్రిల్ 22న ఆవిడ కన్నుమూసింది.

వేసవిలో మీరూ అమ్మా వస్తే ముందు వ్లాడ్స్‌లోకే తీసుకెళ్తాను. అక్కడ నడక తక్కువే, అమ్మ మోకాళ్ళకు ఇబ్బంది ఉండదు. వీసా కాగితాలు వచ్చే వారం పంపుతాను.

మీ
చిన్నమ్మాయి