ఐదేళ్ల కథ పూర్తయింది: నెల్లూరు పాఠకుల సంఘం 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ముందుగా మంచి వార్త. హాలీవుడ్ అంతరిక్ష సినిమాలైన స్టార్ వార్స్ కథా ప్రపంచంలో సాగే ‘హై రిపబ్లిక్’ వరసలోని ప్రధాన నవలలు ఎనిమిదీ ఇప్పుడు మన బీరువాలో ఉన్నాయి. వరసలో చివరిదైన ‘ట్రయల్స్ ఆఫ్ ది జెడై’ 2025 జూన్ 17న విడుదలైంది. అది మన చేతికి వచ్చేదాకా పడ్డ టెన్షన్, వచ్చాక జరిగిన సందడి సభ్యులందరికీ తెలుసు. ఈ సంవత్సరం మన సంఘం పనంతా దాదాపు ఆ ఒక్క పుస్తకం చుట్టూనే తిరిగింది కాబట్టి నివేదిక కూడా అలాగే సాగుతుంది.

కొత్తగా చేరినవారి కోసం కాస్త వెనక్కి వెళ్తాను. ఈ వరసను 2020 ఫిబ్రవరిలో ప్రకటించారు. మొదటి నవల ‘లైట్ ఆఫ్ ది జెడై’ అదే ఏడాది ఆగస్టులో రావలసింది. కరోనా వల్ల వాయిదా పడి 2021 జనవరి 5న వచ్చింది. రాసింది చార్లెస్ సోల్. చివరి నవల కూడా ఆయనదే. ‘ది ఫాంటమ్ మెనేస్’ సినిమాలో మనం చూసిన కాలానికి సుమారు రెండు వందల ఏళ్ల ముందు జరిగే కథ ఇది. జెడైలు, అంటే ఆ కథల్లో శాంతిని కాపాడే యోధులు, మంచి దశలో ఉన్న రోజులు. మామూలుగా సినిమా వచ్చి, దాని వెనకాల నవల వస్తుంది. ఇక్కడ కథను మొదటి నుంచీ నడిపించింది నవలలు, కామిక్సే. తర్వాత ఏం జరుగుతుందో తెలియాలంటే తర్వాతి పుస్తకం కోసం కాచుకుని కూర్చోవడం తప్ప మరో దారి లేదు. వారపత్రిక సీరియల్ కోసం ఎదురుచూసిన తరం వాళ్లకు ఈ ఎదురుచూపు కొత్తేమీ కాదు. మన సంఘంలో అరవై దాటినవారికీ ఇంటర్ పిల్లలకీ ఇంత తొందరగా మాట కలవడానికి ఇదే కారణమని నా నమ్మకం.

చివరి పుస్తకం వచ్చేలోపు పాతవన్నీ మళ్లీ చదువుదామని జనవరి సమావేశంలో అనుకున్నాం. మొదటి చర్చ బ్రహ్మాండంగా జరిగింది. ‘లైట్ ఆఫ్ ది జెడై’ మొదట్లోనే ఒక భారీ అంతరిక్ష ఓడ హైపర్‌స్పేస్‌లో (కాంతి కన్నా వేగంగా వెళ్లే దారిలో) ముక్కలైపోయి, ఆ ముక్కలు హెట్జాల్ అనే గ్రహ వ్యవస్థ మీదికి దూసుకొస్తాయి. సరిగ్గా ఆ నెలలోనే, 29వ తేదీ ఉదయం 6.23కి, శ్రీహరికోట నుంచి వందో ప్రయోగంగా జీఎస్ఎల్వీ-ఎఫ్15 రాకెట్ వెళ్లింది. తెల్లవారక ముందే మిద్దెలెక్కి చూసినవాళ్లు ఆ వేడితోనే చర్చకు వచ్చారు. శ్రీహరికోటలోని అంతరిక్ష కేంద్రం షార్‌లో పనిచేసి రిటైరైన మన సభ్యులొకరు బల్ల మీద ఒక బోల్టు పెట్టి మాట్లాడారు. భూమికి దగ్గరి కక్ష్యలో తిరిగే వస్తువు వేగం సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైనే ఉంటుందని, వేగం రెట్టింపైతే దెబ్బ శక్తి నాలుగు రెట్లవుతుందని, అందుకే ఇంత బోల్టు ఎదురొచ్చినా ఉపగ్రహం పనికిరాకుండా పోతుందని చెప్పారు. నవలలో ఓడ ముక్కల్ని చూసి జెడైలు ఎందుకంత కంగారుపడ్డారో ఆ బోల్టును చేత్తో పట్టుకున్నాక నాకు బాగా తెలిసొచ్చింది.

మార్చిలో క్లాడియా గ్రే ‘ది ఫాలెన్ స్టార్’ తీసుకున్నాం. స్టార్‌లైట్ బీకన్ అనే అంతరిక్ష కేంద్రం కూలిపోయే పుస్తకం అది. అందులో ఎవరెవరు పోతారో ఇక్కడ రాయను, ఇంకా చదవనివాళ్లున్నారు. ఆ రోజు చర్చలో ఒక సభ్యురాలు పేజీ చదువుతూ మధ్యలో ఆపేశారు, గొంతు పూడుకుపోయింది. పక్కన కూర్చున్న డిగ్రీ అబ్బాయి పుస్తకం అందుకుని మిగతాది చదివాడు. ఇలాంటి నవలలు సినిమా అమ్ముకోవడానికి చేసే సరుకు మాత్రమేనని అనేవాళ్లు ఆ రోజు మన గదిలో ఉండాల్సింది.

ఏప్రిల్‌లో, కథ 150 ఏళ్లు వెనక్కి వెళ్లే రెండో దశ నవలలు రెండూ కలిపి చర్చించాం. హాజరు పలచగానే ఉంది. అప్పుడు పరీక్షలు, ఎండలు. మేలో జార్జ్ మాన్ ‘ది ఐ ఆఫ్ డార్క్‌నెస్’, జూన్ మొదట్లో టెస్సా గ్రాటన్ ‘టెంప్టేషన్ ఆఫ్ ది ఫోర్స్’తో పాత బాకీలు తీరాయి.

మే నెలలోనే సినిమాలకు అనుబంధంగా వచ్చిన నవలల చరిత్ర మీద ఒక సాయంత్రం పెట్టుకున్నాం. ఈ ఏడాది కార్యక్రమాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. మొదటి స్టార్ వార్స్ సినిమా 1977 మే 25న విడుదలైతే, దాని నవల 1976 నవంబరులోనే మార్కెట్లోకి వచ్చేసింది. అట్ట మీద జార్జ్ లూకాస్ పేరున్నా రాసింది అలన్ డీన్ ఫాస్టర్. 1978లో ఆయనే ‘స్ప్లింటర్ ఆఫ్ ది మైండ్స్ ఐ’ రాశారు. మొదటి సినిమా అంతంతమాత్రంగా ఆడితే తక్కువ ఖర్చుతో రెండో సినిమా తీయడానికి పనికొస్తుందని అనుకున్న కథ అది. ఆ అవసరం రాలేదు కానీ పుస్తకం నిలిచింది. 1991లో టిమొతీ జాన్ ‘ఎయిర్ టు ది ఎంపైర్’ వచ్చాక సినిమాలు ఆగిపోయినా కథ పుస్తకాల్లో బతుకుతుందని తేలిపోయింది. 2014 ఏప్రిల్‌లో అప్పటిదాకా వచ్చిన నవలల్లో దాదాపు అన్నిటినీ అధికారిక కథలో భాగం కావని చెప్పి ‘లెజెండ్స్’ అని వేరే అరలో పెట్టేశారు. ఆ నవలలు కూడబెట్టుకున్నవాళ్ల బాధ ఎలాంటిదో ఆ సాయంత్రం మళ్లీ విన్నాం. నా మట్టుకు నేను ఆ పుస్తకాల విలువ ఒక్క పైసా తగ్గలేదంటాను. అందుకే అవి మన బీరువాలో పై అరలోనే ఉంటాయి.

అదే సాయంత్రం మూలాపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన గుడ్డసంచి విప్పి, పాత వెండితెర నవలలు, సినిమా పాటల పుస్తకాలు బల్ల మీద పరిచారు. ముళ్లపూడి వెంకటరమణ గారి లాంటి రచయితలు సినిమా కథల్ని వెండితెర నవలలుగా రాసిన సంగతి మన పిల్లలకు తెలియదు. హాల్లోంచి వెళ్లిపోయిన సినిమాను మళ్లీ చూసే వీలులేని రోజులవి. ఆ నవల, ఆ పాటల పుస్తకం, రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం, అంతే. 1970లలో బ్రిటన్‌లో టీవీ సీరియల్ ‘డాక్టర్ హూ’ నవలలకు అంత గిరాకీ ఉండటానికీ కారణం అదే, పాత భాగాలు ఇంట్లో మళ్లీ చూసుకునే సాధనం లేదు. పెద్దాయన తెచ్చినవాటిలో ఒకదాని లోపలి అట్ట మీద ఎవరో సిరా కలంతో సినిమా చూసిన తేదీ, హాలు పేరు, టికెట్ వెల రాసిపెట్టుకున్నారు. పిల్లలంతా దాని చుట్టూ మూగారు. ఆ సంచిలోని పుస్తకాల్ని స్కాన్ చేసి పెట్టే పని యువ సభ్యులు తీసుకున్నారు, సగం అయింది.

ఇక చివరి పుస్తకం సంగతి. రెండు కాపీలు తెప్పించాలని తీర్మానించాం. మన ఊళ్లో, ఆ మాటకొస్తే ఒంగోలులో కూడా, ఇలాంటి నవల విడుదల రోజున కొట్లో దొరకడం కష్టం. ముందస్తుగా ఒక ఆన్‌లైన్ దుకాణంలో ఆర్డర్ పెట్టాం. విడుదలకు కాస్త ముందు వాళ్లు ఆర్డర్ రద్దు చేసి డబ్బు వెనక్కి వేశారు, కారణం చెప్పలేదు. ఇంకో చోట పెడితే వచ్చింది కానీ పెట్టె నలిగి ఒక మూల అట్ట విరిగింది. రెండో కాపీ డల్లాస్‌లో ఉండే ఒక సభ్యురాలి కొడుకు జులైలో సెలవుకు వస్తూ సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చాడు. ఆ కాపీకి గీత కూడా పడలేదు. ఆయనకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఈ రెండు కాపీలతోనే పుస్తకాలు సేకరించేవారికీ చదివేవారికీ మధ్య పెద్ద చర్చ నడిచింది. అమెరికా నుంచి వచ్చిన కాపీలో కాపీరైట్ పేజీ తీసి చూస్తే కింద అంకెల వరస ఉంటుంది. అందులో మిగిలిన చిన్న అంకె ఎంతో అది అన్నో ముద్రణ. అంటే 1 ఉంటే మొదటి ముద్రణ. భూతద్దం పెట్టి చూడనక్కర్లేదు కానీ మనవాళ్లు పెట్టి మరీ చూశారు. మొదటి ముద్రణే. దాని మీద సంఘం రబ్బరు ముద్ర వేస్తే సేకరణగా దాని విలువ పోతుందని ఒక పక్షం, ముద్ర లేకపోతే పుస్తకం ఎవరిదో తెలియకుండా పోతుందని ఇంకో పక్షం. మాటలు కాస్త పెరిగాయి కూడా. చివరికి అందరూ ఒప్పుకున్నది ఇది: అట్ట విరిగిన కాపీ ‘తిరిగే కాపీ’. దానికి ముద్ర, నంబరు, పైన ప్లాస్టిక్ కవరు వేసి చదవడానికి ఇస్తాం. రెండోది ‘దాచే కాపీ’. దానికి ముద్ర వేయం, వివరాలు రిజిస్టరులో రాస్తాం, గదిలో కూర్చుని మాత్రం ఎవరైనా చదవచ్చు. ఇకమీదట రెండు కాపీలు కొనే ప్రతి పుస్తకానికీ ఇదే పద్ధతి.

దీన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. సేకరణ అంటే తాళం వేసి దాచుకోవడం ఒక్కటే అయితే సంఘం అక్కర్లేదు, ఎవరింట్లో వాళ్లు బీరువా కొనుక్కుంటే సరిపోతుంది. వరసలో ఒక్క పుస్తకం లేకపోయినా మన ఊరి కుర్రవాడు కథ మధ్యలో ఆగిపోతాడు. ఆ పుస్తకం వెల చాలా ఇళ్లలో నెల ఖర్చులో ఇమడదు. వరస తెగకుండా చూడటం మన పని, అది ఈ ఏడాది చేయగలిగాం.

తిరిగే కాపీ కోసం పేర్లు రాసుకుంటే పొడుగాటి క్యూ తయారైంది. ఒక్కొక్కరికి వారం గడువిచ్చాం. కావలి, ఒంగోలు సభ్యులకు పుస్తకం చేర్చే భారం ఉద్యోగం కోసం పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో తిరిగే ఒక సభ్యుడు తీసుకున్నారు. స్టేషన్‌లో రైలు ఆగిన కాసేపట్లో కిటికీలోంచి పుస్తకం అందుకోవడం వాళ్లకు ఒక పండగలా ఉందని ఒంగోలు వారు రాశారు. ముందుగా చదివినవాళ్లు ఒక్క మాట బయటపెట్టలేదు. జెడైలు అవార్ క్రిస్, ఎల్జార్ మాన్ చివరికి ఏమవుతారు, వాళ్ల శత్రువు మార్కియోన్ రో సంగతేమిటి అని ఎవరు ఎంత గుచ్చి అడిగినా నవ్వి ఊరుకున్నారు. క్యూలో ఆఖరి మనిషి కూడా పూర్తి చేశాకే సెప్టెంబరులో చర్చ పెట్టాం. వరసలోకెల్లా మంచి ముగింపు అన్నవాళ్లు ఎక్కువ. ఇన్ని పాత్రల్ని ఒక్క పుస్తకంలో సర్దడానికి తొందరపడ్డారని ఒంగోలు బృందం గట్టిగా వాదించింది, ఆ వాదనలో నిజముంది.

మిగతావి క్లుప్తంగా. ఫిబ్రవరిలో వచ్చిన అలెగ్జాండర్ ఫ్రీడ్ ‘ది మాస్క్ ఆఫ్ ఫియర్’ కొన్నాం. సామ్రాజ్యం మొదలైన కొత్తలో సెనేటర్లు మాన్ మాత్మా, బెయిల్ ఆర్గానా నడిపే రాజకీయం అది, ఓటుకీ అధికారానికీ సంబంధించిన కథలంటే ఇష్టపడేవారు తప్పకుండా తీసుకోండి. పిల్లల కోసం జస్టినా ఐర్లండ్ ‘ఎ టెస్ట్ ఆఫ్ కరేజ్’ చేర్చాం. ఏడో తరగతి పాప ఒకామె చదివి మళ్లీ తీసుకెళ్లింది. జులై 30 సాయంత్రం నైసార్ ఉపగ్రహ ప్రయోగానికి కొందరు సభ్యులు పిల్లల్ని తీసుకుని శ్రీహరికోట వెళ్లారు.

అక్టోబరు చివర మొంథా తుఫాను వానలకు మన గది వెనక గోడ చెమ్మ పట్టింది. కింది అరలో పుస్తకాల వెన్నుల మీద తెల్లగా బూజు కనపడింది. పొడి గుడ్డతో తుడిచి, ఫ్యాను గాలికి ఆరబెట్టాం. ఎండలో పెడదామన్నవారిని ఆపాం, ఎండకు కాగితం పసుపెక్కి అట్ట వంకరపోతుంది. బీరువాను గోడకు జానెడు దూరం జరిపాం. కలరా ఉండలకు బదులు సిలికా జెల్ పొట్లాలు పెట్టాం, రంగు మారగానే మార్చాలి. పుస్తకం ఒక్కటి కూడా పోలేదు. వానలో వచ్చి చెయ్యి వేసిన సభ్యులకు దండాలు.

లెక్కలు కోశాధికారి సభలో విడిగా చదువుతారు, రసీదుల ఫైలు బల్ల మీద ఉంటుంది. ఎక్కువ ఖర్చు పుస్తకాలకే అయింది. చందా బాకీ ఉన్నవారు దయచేసి ఫిబ్రవరి లోపు కట్టండి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం చేస్తున్న ప్రతిపాదనలు రెండే. ‘మాస్క్ ఆఫ్ ఫియర్’తో మొదలైన మూడు నవలల వరసలో రెండోది రెబెకా రోన్‌హార్స్, మూడోది ఫ్రాన్ వైల్డ్ రాస్తున్నారు. వాటికి ఇప్పుడే డబ్బు పక్కన పెట్టాలి. ఇక హై రిపబ్లిక్ నవలలు ఏ వరసలో చదవాలో, వాటిలో పాత్రలు ఎవరెవరో, తెలుగులో ఒక చిన్న పుస్తకంగా వేయాలి. ఇంగ్లిష్ చదవడానికి జంకే పిల్లలకు అది చేయూత అవుతుంది. రాయడానికి ముందుకొచ్చేవారు సభ రోజున పేరు ఇవ్వండి.

చివరగా ఒక మనవి. హై రిపబ్లిక్ వరసలో రెండోదైన ‘ది రైజింగ్ స్టార్మ్’ తిరిగే కాపీ ఎవరి దగ్గరో ఉండిపోయింది, రిజిస్టరులో సంతకం అర్థం కావడం లేదు. దాని కోసం ఇద్దరు కాలేజీ పిల్లలు మొదటి పుస్తకం పూర్తి చేసి ఎదురుచూస్తున్నారు. మీ ఇంట్లో ఒకసారి వెతకండి. సభకు తెచ్చినా సరే, పినాకిని సభ్యుడి చేతికిచ్చినా సరే.

కార్యదర్శి
నెల్లూరు