కొత్త టీచర్ మంచీచెడూ అడిగేదెవరు?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈమధ్య పేపర్లలో విదేశీ యూనివర్సిటీతో ఒప్పందం, టీచర్ ఎడ్యుకేషన్‌లో వెల్‌బీయింగ్ (అంటే టీచర్ల బాగోగులు) మీద ఇంటర్నేషనల్ వర్క్‌షాప్, ఇలాంటి వార్తలు తరచుగా కనిపిస్తున్నాయి. చాలా సంతోషం. డీఎడ్, బీఎడ్ పిల్లలకి పాఠాలు చెప్పే మనిషిని కాబట్టి అలాంటివి నేను ముందు చదువుతాను, కానీ ఆ వార్తల్లో సంతకాలు పెట్టినవాళ్ళ పేర్లు ఉంటాయి, శాలువా కప్పుతున్న ఫోటో ఉంటుంది, ట్రైనీ మాట మాత్రం ఒక్కటి కూడా ఉండదు, కొత్తగా పోస్టింగ్ వచ్చిన టీచర్ మాటా ఉండదు. ఎవరి బాగు గురించి మీటింగ్ పెట్టారో వాళ్ళనే పిలవకపోతే ఎలా అండీ, అందుకే రాస్తున్నా. కాస్త పొడుగైంది, వేసుకోగలిగినంత వేయండి.

ఈ విషయంలో పెద్ద లెక్క తీసేది, ఎక్కువగా డబ్బున్న దేశాలున్న ఓఈసీడీ అనే కూటమి వాళ్ళు టీచర్లనే అడిగి చేసే టాలిస్ సర్వే. 2008లో 24 దేశాలతో మొదలెట్టారు, 2018కి దేశాలూ ప్రాంతాలూ కలిపి 48 అయ్యాయి, 2024 విడతలో 55. 2018లో టీచర్లని అడిగితే సగటున 18 శాతం మంది పనిలో స్ట్రెస్ చాలా ఎక్కువగా ఉంది అన్నారు, ఎందుకొస్తోంది అంటే అన్నిటికంటే ముందొచ్చిన జవాబు పిల్లల అల్లరి కాదు, కాగితాల పని, దాదాపు సగం మంది అదే చెప్పారు. ఐదేళ్ళ లోపు సర్వీసున్న కొత్త టీచర్లలో నీకు ఫలానా మెంటర్ అని ఒకళ్ళని అప్పజెప్పింది 22 శాతం మందికే. ఇవి చాలావరకు డబ్బున్న దేశాల సంగతులు. ఈ సర్వేలో ఇండియా లేదు, కాబట్టి మన టీచర్ ఎంత ఒత్తిడిలో ఉన్నాడో మిగతా దేశాల పక్కన పెట్టి చూసే లెక్కే మన చేతిలో లేదు. ఇంటర్నేషనల్ సహకారం అనే మాట అనేముందు ఆ సర్వేలో చేరాలి కదా.

మరి మన సిలబస్‌లో ఇలాంటిది లేదా అంటే ఉంది. టీచర్ ట్రైనింగ్‌కి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ 2014 రెగ్యులేషన్స్‌తో బీఎడ్ రెండేళ్ళు అయినప్పుడు 'అండర్‌స్టాండింగ్ ది సెల్ఫ్' అని ఒక కోర్సు పెట్టారు, నా భయాలేంటి, నాకు కోపం ఎందుకొస్తుంది, మా ఇంట్లో నన్ను ఎలా పెంచారు, అదంతా రేపు క్లాసులో పిల్లల మీద ఎలా పడుతుంది అని ట్రైనీ తనని తాను చూసుకోవడానికి. ఎంత మంచి ఆలోచన అండీ. కానీ చాలా చోట్ల జరిగేదేంటంటే దానికో రికార్డు, ఆ రికార్డుకి మార్కులు, సీనియర్ల రికార్డు తెచ్చుకుని రాత్రంతా కూర్చుని దించేయడం, లేదంటే చేతిరాత బాగున్నవాళ్ళకి డబ్బులిచ్చి రాయించుకోవడం. ఒక కాలేజీకి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్ళి రికార్డులు చూస్తుంటే 'నన్ను బాగా బాధపెట్టిన సంఘటన' అనే హెడ్డింగ్ కింద ఒకదాని తర్వాత ఒకదాంట్లో అదే తాతగారు, అదే సంక్రాంతి ముందు రోజు చనిపోయారు. చాలా బాధేసింది. ఆ పిల్లలని ఏమీ అనను, మనసులో మాట రాస్తే దానికి పదికి ఇన్ని అని మార్కులు వేస్తాం అంటే ఎవరు మాత్రం నిజం రాస్తారు చెప్పండి.

అలా బయటికొచ్చిన పిల్లలే ఇప్పుడు స్కూళ్ళలో ఉన్నారు. తెలంగాణలో 2024లో 11,062 పోస్టులకి, ఆంధ్రాలో 2025లో 16,347 పోస్టులకి డీఎస్సీలు జరిగాయి, ఒకేసారి ఇన్ని వేలమంది కొత్తవాళ్ళు క్లాసుల్లోకి వచ్చారు. మా స్టూడెంట్ ఒకమ్మాయికి పాడేరు వైపు సింగిల్ టీచర్ స్కూల్ వచ్చింది. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని క్లాసులూ ఒకే గదిలో, పొద్దున్నే ఫేస్ అటెండెన్స్ పడాలంటే సిగ్నల్ కోసం స్కూలు వెనక గట్టెక్కాలి, తర్వాత రాగిజావ చూసుకోవాలి, గుడ్ల లెక్క రాయాలి, భోజనం ఫోటోలు పెట్టాలి, ఇవన్నీ అయ్యాక ఒకటో తరగతి వాడికి 'అ' దిద్దించేలోపు ఐదో తరగతి వాళ్ళు కిటికీ ఎక్కేస్తారు. ఒకరోజు రాత్రి ఫోన్ చేసి, "పాఠం చెప్పడానికి భయం లేదు మేడం, సాయంత్రం అయ్యాక ఈరోజు ఇలా జరిగింది అని చెప్పుకోడానికి పక్కన ఇంకో టీచర్ లేరు మేడం, ఎమ్మార్సీలో (మండల రిసోర్స్ సెంటర్‌లో) అడిగితే ఇంత చిన్నదానికేనా అంటారేమో అని భయం" అంది. ఆ పిల్ల మంచి ర్యాంకర్ అండీ, సైకాలజీ పేపర్లో మా బ్యాచ్ మొత్తానికి ఎక్కువ మార్కులు తనవే.

సీనియర్లకీ ఏమంత సుఖం లేదు. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పొచ్చాక ఐదేళ్ళకి పైగా సర్వీసు మిగిలున్నవాళ్ళు రెండేళ్ళలో టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పాసవ్వాలి అనేసరికి ఇరవై ఏళ్ళు పాఠం చెప్పినవాళ్ళు కూడా రాత్రిళ్ళు గైడ్లు ముందేసుకుని కూర్చుంటున్నారు. అలాంటి మనిషిని వెళ్ళి కొత్తమ్మాయికి ధైర్యం చెప్పు అంటే ఎలా చెప్తారు.

ఇక్కడ చాలామంది టక్కున చెప్పే పరిష్కారం ధ్యానం, యోగా. నాకు వాటి మీద చాలా గౌరవం ఉంది, రోజూ చేస్తాను కూడా. కానీ భూటాన్ సంగతి చూడండి, 2009 డిసెంబర్‌లో థింపూలో చాలా దేశాల విద్యావేత్తలని పిలిచి స్థూల జాతీయ ఆనందాన్ని (దేశం బాగుని డబ్బుతో కాక జనం సంతోషంతో కొలిచే వాళ్ళ ఆలోచనని) చదువులోకి ఎలా తేవాలి అని పెద్ద సమావేశం పెట్టారు, తర్వాత ఏడాది నుంచి స్కూళ్ళలో ధ్యానం మొదలెట్టారు, 2019లో టీచర్ల జీతాలు బాగా పెంచారు, అయినా ఈ నాలుగైదేళ్ళలో ఎంతమంది టీచర్లు రాజీనామా చేసి ఆస్ట్రేలియా వెళ్ళిపోయారో ఆ దేశమే కంగారు పడింది. ఎవరికి వాళ్ళు కళ్ళు మూసుకుని కూర్చుంటే తీరే ఇబ్బంది కాదిది, జీతం ఒక్కటి పెంచినా మొత్తం తీరేది కాదు.

అసలైన సహకారం ఎలా ఉంటుందో చూడాలంటే మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలుకి వెళ్ళాలి. అక్కడ పల్లె బడుల కోసం పనిచేసే రివర్ అనే కేంద్రంలో పద్మనాభరావు గారు, రమ గారు 1980ల నుంచి చుట్టుపక్కల పల్లెల్లో ఒంటి టీచర్ స్కూళ్ళ కోసమే ఒక పద్ధతి తయారుచేశారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా చేసి, గోడ మీద నిచ్చెన లాంటి చార్టులో బొమ్మ గుర్తులతో వరసగా పెడతారు, ఏ పిల్లాడు ఏ మెట్టు మీద ఉన్నాడో వాడే చూసుకుని కార్డు తీసుకుంటాడు, కొందరు టీచర్ దగ్గర కూర్చుంటారు, కొందరు తోటి పిల్లల దగ్గర నేర్చుకుంటారు, ఇంకొందరు సొంతంగా చేసుకుంటారు. టీచర్ రోజంతా బోర్డు ముందు నిలబడి గొంతు చించుకోనక్కర్లేదు. మెట్రిక్ మేళా అని పెడతారు, పిల్లలే కొట్లు పెట్టి తూకాలు, చిల్లర లెక్కలు చేస్తుంటే ఊళ్ళో తల్లులు వచ్చి బేరమాడతారు. ఇదంతా పిల్లల చదువు కోసమే చేసినా, నాకు టీచర్ ప్రాణానికి తెరిపిచ్చిన పద్ధతిలా కూడా కనపడుతుంది. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె టీచర్లు యూనిసెఫ్ సాయంతో వచ్చి ఇది చూసి వెళ్ళాకే కర్ణాటక ప్రభుత్వ బడుల్లో నలి-కలి అనే ఇలాంటి పద్ధతి మొదలైంది. తర్వాత జర్మనీలో రెగెన్స్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్ళు ఈ పద్ధతిని తీసుకుని పరిశోధన చేశారు, అక్కడ టీచర్లవబోయే స్టూడెంట్స్ మన పల్లె బడికి వచ్చి చూసి నేర్చుకున్నారు. అంటే మన దగ్గర ఇవ్వడానికీ సరుకుంది, ప్రతిసారీ మనమే వాళ్ళ ముందు నోట్‌బుక్ తెరిచి కూర్చోనవసరం లేదు. నా బాధల్లా ఏంటంటే జర్మనీ పిల్లలు వచ్చి చూసిన ఆ బడిని, మన రాయలసీమ బీఎడ్ కాలేజీల్లో చదివే పిల్లలు ఎంతమంది చూశారు?

వాళ్ళ దగ్గర మనం తెచ్చుకోవాల్సింది కూడా ఒకటుంది, ఫిన్లాండ్‌లో 2010 నుంచి య్యువాస్క్యులా యూనివర్సిటీ ముందుండి, టీచర్ ట్రైనింగ్ ఇచ్చే మిగతా యూనివర్సిటీలని కలుపుకుని నడిపిన తోటివాళ్ళ మెంటరింగ్ గ్రూపులు. కొద్దిమంది టీచర్లు, కొత్తవాళ్ళూ పాతవాళ్ళూ కలిసి, ఏడాదిలో కొన్నిసార్లు కూర్చుంటారు, ట్రైనింగ్ తీసుకున్న టీచరే ఒకళ్ళు నడిపిస్తారు, ఇన్‌స్పెక్షన్ కాదు, గ్రేడింగ్ కాదు, అక్కడ మాట్లాడింది బయటికి పోదు. ఇంకా చదువుకుంటున్న ట్రైనీలని కూడా ఉద్యోగంలో ఉన్నవాళ్ళతో కలిపి కూర్చోబెట్టారు, అది నాకు బాగా నచ్చింది. దీనికి కోట్లు అక్కర్లేదు, బిల్డింగ్ అక్కర్లేదు.

పైగా మనకి స్కూల్ కాంప్లెక్స్ మీటింగులు ఎప్పటినుంచో ఉన్నాయి. చుట్టుపక్కల స్కూళ్ళ టీచర్లందరూ ఒకచోటికి వస్తారు, కానీ ఆ రోజంతా ఫార్మాట్లు, యాప్‌లో పెండింగ్ ఎంట్రీలు, మధ్యలో ఒక వీడియో, సాయంత్రం గ్రూప్ ఫోటో వాట్సాప్‌లో పెట్టడంతో అయిపోతుంది. అందులో ఒక గంట కొత్త టీచర్లకి వదిలేయండి. ఆ గంటలో ఎంఈఓ గారు, హెడ్మాస్టర్లు బయట ఉండాలి, మినిట్స్ రాయకూడదు, ఫోటో తీయకూడదు. నడిపించే టీచర్లకి డైట్‌లో (జిల్లా టీచర్ ట్రైనింగ్ కాలేజీలో) ముందు ట్రైనింగ్ ఇవ్వాలి, విదేశీ యూనివర్సిటీ వాళ్ళ సాయం సరిగ్గా అక్కడ తీసుకోవాలి, ఫిన్లాండ్ వాళ్ళు ఆన్‌లైన్‌లో మన గ్రూప్ లీడర్లతో నెలనెలా కూర్చుంటే అదీ కొలాబరేషన్. నేషనల్ ఎడ్యుకేషన్ పాలసీలో టీచర్‌కి ఏడాదికి 50 గంటల ట్రైనింగ్ అన్నారు కాబట్టి ఈ గంటల్ని దాంట్లోనే కలిపేయొచ్చు, కొత్త జీవో కోసం ఆగాల్సిన పని కూడా ఉండకపోవచ్చు. బీఎడ్‌లో ఆ 'సెల్ఫ్' కోర్సు రికార్డుకి మార్కులు తీసేసి, ఇంటర్న్‌షిప్‌లో ఉన్న పిల్లల్ని ఇదే గంటలో కూర్చోబెడితే వాళ్ళు ఉద్యోగంలోకి వచ్చేసరికి ఎవరికి ఫోన్ చేయాలో తెలిసుంటుంది.

మీ పేపర్‌కి కూడా ఒక రిక్వెస్ట్. ఈసారి ఇలాంటి ఒప్పందం (ఎంఓయూ) వార్త రాసేటప్పుడు మీ రిపోర్టర్‌ని ఆ వర్క్‌షాప్‌లో ట్రైనీలు ఎంతమంది ఉన్నారు, ఎంతమంది మాట్లాడారు అని అడగమనండి. అలాగే మీ జిల్లా ఎడిషన్లో వారానికోసారి, సర్వీసులోకి వచ్చి రెండేళ్ళు దాటని టీచర్ల ఉత్తరాలు వేయండి, పేరూ స్కూలూ లేకుండా. రాసేవాళ్ళని నేను పంపిస్తాను.

ఇట్లు,
ఒక టీచర్ ట్రైనింగ్ లెక్చరర్, ఉత్తరాంధ్ర