2024–25 వార్షిక నివేదిక: సంక్రాంతి నాటకం, బడి లైబ్రరీ

సభ్యులకు, పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

మన తల్లిదండ్రుల సంఘం ఎందుకు పెట్టుకున్నామో అందరికీ తెలుసు కాబట్టి నేరుగా ఈ ఏడాది పనుల్లోకి వస్తున్నాను.

జూలైలో గోదావరికి వరద వచ్చి, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చేసరికి మన కాజ్‌వే మునిగిపోయింది. బడి రికార్డులు, కంప్యూటర్లు, బియ్యం బస్తాలు అంతకుముందే పంచాయతీ మేడ మీదకి చేర్చేశాం. ఆ రోజు మోకాల్లోతు నీళ్లలో బస్తాలు మోసిన యువకులకు పేరుపేరునా కృతజ్ఞతలు. పడవ దాటి వచ్చే పిల్లలకు లైఫ్ జాకెట్లు కావాలని అర్జీల మీద అర్జీలు పెట్టాం. వెళ్లిన ప్రతిసారీ "చూస్తాం" అన్నారు, ఎవరూ చూడలేదు. చివరికి మస్కట్‌లో ఉన్న మన ఊరి కుర్రాళ్లు డబ్బు పంపితే కొన్నాం. పదో తరగతి పిల్లలకు రాత్రి చదువులు ఎప్పటిలాగే నడిచాయి. పాలు, బిస్కెట్లు ఇచ్చిన తల్లులకు ధన్యవాదాలు.

ఇక నాటకం. మన సంఘం పెట్టాక ఇంత పెద్ద పని చేయలేదని నా నమ్మకం.

బడి లైబ్రరీ సంగతి మీకు తెలిసిందే. 2022 జూలైలో ధవళేశ్వరం మీదుగా 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద దిగినప్పుడు బీరువాలతో సహా పుస్తకాలన్నీ నానిపోయాయి. ఎండబెడితే అట్టలు ఊడిపోయాయి. అప్పటినుంచి ఆ గదిలో విరిగిన బెంచీలే ఉన్నాయి. ఫైలు పైకి వెళ్లిందన్న మాట మాత్రం మూడో ఏడూ వింటున్నాం.

మనమే డబ్బు పోగుచేద్దాం, దానికి నాటకం వేద్దాం అని మొదట అన్నది తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి. కార్యదర్శి తన బిడ్డ గురించి నివేదికలో రాయొచ్చా అని అధ్యక్షుల వారిని అడిగాను. జరిగింది జరిగినట్టు రాయమన్నారు. రాస్తున్నాను.

బడిలో మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు కదా. "రోజూ ఆవిడ పేరున అన్నం తింటున్నాం, మా క్లాసులో సగం మందికి ఆవిడెవరో తెలీదమ్మా" అంది మా అమ్మాయి ఒకరోజు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, వేళ కాని వేళ వచ్చినవాళ్లకు కూడా వండి వడ్డించి, 1909లో కన్నుమూసిన తల్లి మన కోనసీమ మనిషి. గన్నవరం ఆక్విడక్ట్ మీదుగా వెళ్లేటప్పుడు ఆమె పేరు చూస్తూనే ఉంటాం. అయినా పిల్లలకు మనం చెప్పలేదు. తెలుగు మాస్టారు దగ్గర కూర్చుని ఆ కథను పిల్లలే నాటకంగా రాసుకున్నారు.

సంక్రాంతి రాత్రే వేయాలని పట్టుబట్టింది కూడా మా అమ్మాయే. హైదరాబాద్, బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు ఊళ్లో ఉంటారు, మర్నాడు కనుమకి అందరూ జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లిపోతారు అని లెక్క చెప్పింది. పెద్దవాళ్లం మాకు తట్టలేదు. టికెట్టు రూ.50 పెట్టారు. పది రూపాయలు ఇచ్చినవాళ్లకు కూడా రసీదు రాశారు.

ఒక పెద్దమనిషి పాతిక వేలు ఇస్తామన్నారు. వేదిక వెనక తన ఫ్లెక్సీ కట్టాలన్నారు. మన కమిటీలో చాలామంది సరే అన్నారు. పిల్లలు ఒప్పుకోలేదు. "బ్రిటిష్ చక్రవర్తి పట్టాభిషేకానికి పిలిస్తేనే, వచ్చినవాళ్లకు అన్నం ఎవరు పెడతారని సీతమ్మ గారు వెళ్లలేదు. ఆవిడ నాటకానికి ఫ్లెక్సీ ఏమిటండీ" అని మా అమ్మాయి కమిటీ ముందు నిలబడి అడిగింది. ఇంట్లో గట్టిగా మాట్లాడని పిల్ల. ఆ మాట విన్నాక నాకు నోట మాట రాలేదు. ఫ్లెక్సీ కట్టలేదు, ఆ పాతిక వేలు రాలేదు.

సీతమ్మ గారి వేషం పడవ నడిపే వారి అమ్మాయి కట్టింది. ఆవిడ భర్త జోగన్న గారి వేషానికి మగపిల్లలెవరూ ముందుకు రాకపోతే మా అమ్మాయి మీసం పెట్టుకుని పంచె కట్టింది. పూర్వం మన జిల్లాల నాటకాల్లో మగవాళ్లు ఆడవేషాలు కట్టేవారు, ఇప్పుడు ఆడపిల్లలు ఇలా కట్టారు. కొబ్బరాకు తడికెలతో వంటిల్లు, అట్టలతో గాడిపొయ్యి, వెదురుబొంగుతో పల్లకీ, అన్నీ వాళ్లే చేసుకున్నారు. అంతర్వేది ప్రయాణం ఘట్టం చూడని వాళ్ల కోసం చెబుతున్నాను. దారిలో పల్లకీ దించి ఉండగా, సీతమ్మ గారింటికి చేరితే కడుపునిండా తినొచ్చని ఆకలితో ఉన్న పిల్లలకు ఎవరో నచ్చజెప్పడం ఆమె చెవిన పడుతుంది. దేవుడి దర్శనం మానుకుని పల్లకీ వెనక్కి తిప్పిస్తుంది. పల్లకీ తిరిగేసరికి జనం లేచి నిలబడ్డారు. నేను తెర పక్కన ఉన్నాను, ఏడుపు ఆపుకోలేకపోయాను.

ముఖ్య అతిథిగా రమ్మని ఒక అధికారిని పిలిచాం, వస్తామన్నారు. పిల్లలు మేకప్ వేసుకుని దండలు పట్టుకుని గంటకు పైగా ఎదురుచూశారు. రాలేదు, రాలేనని ఫోనూ చేయలేదు. పెద్దలు వస్తామంటే పిల్లలు నమ్ముతారు, అది గుర్తుంచుకోవాలి.

మన వాళ్ల గురించి కూడా చెప్పాలి. పనుల కమిటీలో పేర్లు ఇచ్చినవారు చాలామందే. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెట్టనివారు లేరు. షామియానా విప్పి కుర్చీలు లెక్కపెట్టి అప్పగించే వేళకి మాత్రం నలుగురైదుగురమే మిగిలాం. రాత్రి రెండు దాటింది. పండగ పూట ఎవరి ఇబ్బందులు వారికి ఉంటాయి, కాదనను. కానీ రాలేమని ముందే చెబితే వేరేవాళ్లను చూసుకుంటాం.

మైక్ సెట్ ఉచితంగా ఇచ్చినవారికి, జనరేటర్ ఇచ్చిన కొబ్బరి వ్యాపారి గారికి, రామాలయం అరుగు ఇచ్చిన ధర్మకర్తలకు, చీరలు అరువిచ్చిన అమ్మమ్మలకు, నాటకం అయ్యాక వచ్చినవారందరికీ పులిహోర, దద్దోజనం వడ్డించిన మహిళా సంఘాల వారికి, టికెట్టు కొని కూడా ఊరికి రాలేకపోయిన వారికి మన సంఘం తరఫున కృతజ్ఞతలు. తెలుగు మాస్టారికి ఎంత చెప్పినా తక్కువే.

జమాఖర్చులు: నాటకం వసూళ్లు ఖర్చులు పోను రూ.1,12,350. మిగతా పద్దులన్నీ కోశాధికారి గారు సభలో చదువుతారు, బడి నోటీసు బోర్డు మీద కూడా పెట్టాం. సభ్యత్వం బకాయిలు ఉన్నవారు ఈ నెలాఖరులోగా కట్టాలి.

నాటకం డబ్బుతో లైబ్రరీ గదిలో 2022 వరద గుర్తు కంటే రెండడుగులు పైన కడప రాయి అరలు కట్టించాం. పుస్తకాల జాబితా పిల్లలే తయారుచేశారు. సగం పుస్తకాలు వచ్చాయి, మిగతావి వేసవి సెలవుల్లోగా వస్తాయి. తలుపుకు గొళ్లెం, కిటికీలకు జాలీ ఇంకా పెట్టించాలి. వడ్రంగి పని తెలిసిన సభ్యులు సభ అయ్యాక నన్ను కలవండి.

ఇట్లు,
కార్యదర్శి