పేరు చెప్పకుండా వెళ్లిపోయిన మెకానిక్ గారికి కృతజ్ఞతలు

లిఫ్ట్ చేసిన, అంటే సస్పెన్షన్ ఎత్తు పెంచిన, ఫోర్ వీల్ డ్రైవ్ బండికి బ్రేక్ హోస్‌లు (చక్రాలకు బ్రేక్ ఆయిల్ చేర్చే వంగే గొట్టాలు) మార్చడం ఓపిగ్గా వివరించినందుకు థాంక్సండీ. బండి నేల మీద ఉన్నంతసేపూ పాత హోస్ సరిపోయినట్టే కనిపిస్తుంది. చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడే లాగి పట్టేస్తుంది. అందుకే ఛాసిస్‌ని స్టాండ్ల మీద నిలిపి, షాక్ అబ్జార్బర్లు ఊడదీయకుండా, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి కొలవమన్నారు. తర్వాత యాక్సిల్‌ని పైకెత్తి, హోస్ టైరుకు రాసుకుంటుందేమో చూడమన్నారు. ఈ రెండోది చాలామంది వదిలేస్తారు.

మామూలు స్పానర్ వేస్తే పైపు నట్టు మూలలు అరిగిపోతాయి, నట్టును దాదాపు చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ స్పానరే వాడాలన్నది బంగారం లాంటి మాట. ఒక్కో బాంజో బోల్టుకు (హోస్ చివరను బిగించే, మధ్యలో రంధ్రం ఉన్న బోల్టు) అటొకటి ఇటొకటి, 2 కొత్త రాగి వాషర్లు. పాతవి మళ్లీ వేస్తే కారే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. హోస్ మెలిపడకుండా బిగించాక, మాన్యువల్ వేరే వరస చెప్పకపోతే, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్‌కు దూరపు చక్రం నుంచి గాలి తీయాలి. డాట్ 4 బ్రేక్ ఆయిల్ నడిచే సిస్టంలో సిలికాన్ రకం డాట్ 5 కలపకూడదన్నదీ మీ హెచ్చరికే.

వెళ్తూ వెళ్తూ వెనక యాక్సిల్ హోస్ గుర్తుచేశారు చూడండి, అందుకు ఇంకో దండం. ఫ్రేం నుంచి దిగే ఆ ఒక్కటి తెగితే వెనక బ్రేకులు రెండూ పోతాయి.