సైదులుకు, ఎమ్మే ఎకనామిక్స్ సంగతులు

సైదులూ,

ఎట్లున్నవ్ రా? ఇంట్ల అమ్మ, బాపు మంచిగున్నరా? ఎమ్మే ఎకనామిక్స్‌ల చేరుదామనుకుంటున్న, బీఏ అంతా తెలుగు మీడియంల అయింది, ఇంగ్లీషంటే భయమైతున్నది అని రాసినవు. ఇంగ్లీషుకు భయపడకు. ఎకనామిక్స్‌ల తిరిగి తిరిగి వచ్చే మాటలు ఒక మూడు నాలుగు వందలుంటయ్, మొదటి సెమిస్టర్ అయ్యేసరికి నోటికొస్తయ్. లెక్కలనే మొదటి నెల నుంచి పట్టుకోవాలె. వాటిని ఇడ్శిపెడితె నాలుగు సెమిస్టర్లూ అవస్థ పెడ్తయ్.

ముందు సీటు సంగతి. నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీకైనా, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీకైనా, ఉస్మానియాకైనా ఒకటే పరీక్ష, సీపీగెట్. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, తప్పుకు కోత లేదు. అందుకని తెలియనిదైనా సరే ఒక్కటి గూడ ఖాళీగ ఇడ్వొద్దు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకైతె సీయూఈటీ పీజీ రాయాలె. దాంట్ల 75 ప్రశ్నలు, ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. నాలుగు ఆప్షన్లల్ల గుడ్డిగ ఒకటి పెడితె సగటున వచ్చేది పావు మార్కే. రెండు ఆప్షన్లు తప్పని తేల్చి మిగిలిన రెండిట్ల ఒకటి పెడితె సగటున ఒకటిన్నర. ఎమ్మేల వచ్చే ‘ఎక్స్‌పెక్టెడ్ వాల్యూ’ అంటే ఇదే, అప్పుడే మొదలైందనుకో. కౌన్సెలింగ్ నాటికి ఉరకకుండ మీసేవల ఆదాయం సర్టిఫికెట్ ఇప్పుడే తీసిపెట్టుకో, స్కాలర్‌షిప్‌కు అదే కావాలె.

రిజల్ట్ వచ్చేదాక చేతిల టైముంటది గదా. ఇంటర్ ఎంపీసీ పిల్లల దగ్గర పాత మ్యాథ్స్ పుస్తకాలు తెచ్చుకో. అంతా చదవాల్సిన పని లేదు. అవకలనాలు, పాక్షిక అవకలనాలు, లాగరిథమ్స్, మాత్రికలు, డిటర్మినెంట్, క్రామర్ పద్ధతి నేర్చుకో. సమాకలనం వినియోగదారుని మిగులు (కొనేటోడు ఇయ్యడానికి సిద్ధపడ్డ దానికీ, నిజంగ ఇచ్చిన దానికీ తేడా) లెక్కకట్టేంత వస్తె చాలు. ఆఖరున లాగ్రాంజ్ పద్ధతి, అంటే ఉన్న పైసల హద్దు లోపల అన్నిటికన్నా ఎక్కువ ప్రయోజనం ఎక్కడొస్తదో తేల్చే లెక్క. ఇది ఇంటర్ పుస్తకాలల్ల ఉండదు. సిద్ధాంతాల రుజువులు అవసరం లేదు గాని, లెక్క మాత్రం పుస్తకం మూసి చెయ్యొచ్చేదాక చెయ్యాలె. పక్కోడు చేస్తుంటె చూసినప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటది, పరీక్షల పెన్ను కదలదు.

ఒక లెక్క చేసి చూపిస్తున్న. ఒకాయన దగ్గర 120 రూపాయలున్నయ్. బత్తాయి ఒక్కోటి 4 రూపాయలు, మిగతా సరుకులు ఒక్కోటి 1 రూపాయి. ఆయనకొచ్చే ప్రయోజనం రెండు పరిమాణాలను గుణిస్తె వచ్చేదనుకో. లాగ్రాంజ్ పెడితె సగం పైసలు బత్తాయికి, సగం మిగతాకు అని తేలుతది: 15 బత్తాయిలు, 60 సరుకులు. ఇప్పుడు బత్తాయి 5 రూపాయలైంది. 12 కొంటడు, అంటే 3 తగ్గినయ్. ఈ మూడుల ధర పెరిగి వేరేదాని వైపు మళ్లినందుకు ఎంత, చేతిల పైసకు బలం తగ్గినందుకు ఎంత? మొదటిదాన్ని ప్రత్యామ్నాయ ప్రభావం అంటరు, రెండోదాన్ని ఆదాయ ప్రభావం. వీటిని ఇడదీసే తీర్లు ఇద్దరు ఆర్థికవేత్తలు చెప్పిన్రు, స్లట్‌స్కీ, హిక్స్. స్లట్‌స్కీ ఏమంటడంటే, పాత మూటనే మళ్ల కొనుక్కునేంత పైస ఇయ్యాలె. 15 బత్తాయిలకు 75, సరుకులకు 60, మొత్తం 135. దాంట్ల సగం పెట్టి కొంటె పదమూడున్నర. అంటే ఒకటిన్నర ప్రత్యామ్నాయ ప్రభావం, ఒకటిన్నర ఆదాయ ప్రభావం. హిక్స్ అట్ల కాదు, పాత తృప్తి నిలబడేంత ఇస్తె చాలంటడు. పాత తృప్తి 15ను 60తో గుణిస్తె 900. దానికి 134 రూపాయల 16 పైసలు సరిపోతయ్, బత్తాయిలు 13.42 వస్తయ్. స్లట్‌స్కీ ఇచ్చిన పైసతోని తృప్తి 911 దాటింది, చేసి చూడు. అంటే ఆయన జరంత ఎక్కువే ఇచ్చిండన్నట్టు.

ఈ లెక్క చేతితోని చేసినోడు బొమ్మల తప్పు చెయ్యడు. చెయ్యనోళ్లు ఎక్కువగ పొరపడేది ఇక్కడనే: హిక్స్ గీతను, అంటే ఆయన ఇచ్చే పైసకు కొత్త ధరల మీద గీసే బడ్జెట్ గీతను, పాత బిందువు మీదుగ గీస్తరు. పాత బిందువు గుండ పోవాల్సింది స్లట్‌స్కీ గీత. హిక్స్‌ది పాత ఉదాసీనతా రేఖను (ఒకే తృప్తినిచ్చే మూటలన్నిటినీ కలిపే రేఖను) వేరే చోట తాకాలె, అంతే. ఇసొంటిదే దీర్ఘకాలిక సగటు వ్యయ రేఖ, అంటే ఫ్యాక్టరీ సైజును గూడ మార్చుకునే వీలున్నప్పుడు ఒక్కో సరుకుకయ్యే ఖర్చు. సైజు మార్చే వీలు లేనప్పటివి స్వల్పకాలిక రేఖలు. స్వల్పకాలిక రేఖల అడుగు బిందువులన్నిటినీ కలిపేస్తరు. కలపొద్దు. రేఖ కిందికి దిగేకాడ అది స్వల్పకాలిక రేఖలను వాటి అడుగుకు ఎడమ దిక్కు తాకుతది, పైకెక్కేకాడ కుడి దిక్కు. 1931ల జాకబ్ వైనర్ అంతటి ఆర్థికవేత్తనే తన వ్యాసంల ఈ రేఖ అడుగు బిందువుల గుండనే పోవాలని పట్టుబట్టిండు. అందుకే ఎక్కడ తాకుతదన్నది రేఖ గీసుడుకు ముందే ఆలోచించాలె. అక్షాలకు పేర్లు రాయని బొమ్మకైతె మార్కులు ఆశించకు.

సిద్ధాంతం చదివినప్పుడల్లా దాన్ని మన ఊరికి తీస్కపోయి నిలబెట్టు. బాహ్యతల పాఠం (ఒకడు చేసే పని ఖర్చు వేరేటోని మీద పడుడు) వచ్చిందనుకో, ఫ్యాక్టరీ పొగ ఉదాహరణ అందరూ రాస్తరు. నువ్వు బోర్ల సంగతి రాయి. నల్లగొండ, పాలమూరు అడుగున గట్టి గ్రానైట్ రాయి. నీళ్లుండేది పైన మెత్తబడ్డ పొరల, కింద పగుళ్లల్ల. వ్యవసాయానికి కరెంటు ఉచితం, 2018 జనవరి 1 నుంచి 24 గంటలు. మోటరు ఇంకో గంట నడిపితె రైతుకయ్యే ఉపాంత వ్యయం సున్నా. గాని ఆ గంటల పక్క చెల్క బోరుల నీటిమట్టం దిగుతది, దాని ఖర్చు పక్క రైతు మీద పడ్తది. ఆయన ఇంకో వంద ఫీట్లు దించుతడు, మళ్ల ఈయన దించుతడు. కోస్ అనే ఆర్థికవేత్త 1960ల చెప్పినట్టు కూసొని బేరమాడుకోవచ్చు గదా అంటే, రాయి కింద ఎవని నీళ్లు ఎటు పోతున్నయో కనబడవు, బేరమాడాల్సింది ఊరంతటితోని. పిగూ పన్ను, అంటే పక్కోని మీద పడే ఖర్చంత పన్ను, వేద్దామంటే ఎన్ని నీళ్లు తోడిండో కొలిచే మీటరు లేదు. 2002ల తెచ్చిన వాల్టా చట్టం (నీళ్లు, భూమి, చెట్లను కాపాడే చట్టం) బోరుకు బోరుకు ఎడం ఉండాలంటది, ఎన్ని నీళ్లు తోడాలన్న లెక్క మాత్రం దాంతోని తెగదు. ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009ల నోబెల్ వచ్చింది ఇసొంటి ఉమ్మడి వనరులను ఊరోళ్లే ఎట్ల కాపాడుకుంటరన్న పని మీదనే. ఒక్క బోరు తోని నాలుగు పాఠాలు అయినయ్ చూడు.

ఇంకొకటి: మూడు బోర్లు ఫెయిలైనా నాలుగోది ఎందుకేస్తడు, ఇది మునిగిన ఖర్చు సూత్రానికి విరుద్ధం గదా అని అడుగుతరు. పోయిన మూడిటి పైసలు లెక్కలకు తీసుకోవద్దు, అది కరెక్టే. గాని ముందర ఆరేండ్ల బత్తాయి తోట నిలబడి ఉన్నది. నీళ్లు పడ్తయన్న ఆశ నాలుగింట ఒక వంతే అనుకున్నా, తోట బతికితె వచ్చే పంటల విలువ బోరు ఖర్చుకు నాలుగింతలు దాటితె ఆ రైతు లెక్క తప్పు కాదు. మన రైతులను తెలివితక్కువోళ్లని రాసే జవాబులు చదివితె నాకు నిజంగ బాధైతది. ముందు వాళ్ల లెక్క వేసి చూడాలె, తర్వాతనే తీర్పు.

మన జిల్లాల లెక్కలు ప్రపంచమంతా చదివిన్రు, ఇది నీకు తెలవాలె. పటాన్‌చెరుల ఉన్న ఇక్రిశాట్ అనే మెట్ట పంటల పరిశోధన సంస్థ వాళ్లు 1975ల పాత మహబూబ్‌నగర్ జిల్లాల ఔరేపల్లి, దోకూరు ఊర్లను ఎంచుకున్నరు. ఊర్లనే మనిషిని పెట్టి, ఊరికి 40 కుటుంబాల పంట, కూలి, అప్పు, తిండి ఏండ్ల తరబడి రాయించిన్రు. ఔరేపల్లితో పాటు మహారాష్ట్ర ఊర్లు రెండిటి లెక్కలు తీసుకొని రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఆర్థికవేత్త 1994ల తన వ్యాసంల ఒక ప్రశ్న అడిగిండు: ఒక ఇంటి పంట పోతె ఆ ఇంటి తిండి గూడ అంతే పడిపోతదా? అంత పడిపోదని తేలింది. ఇంటి ఖర్చు సొంత ఆదాయం కన్నా ఊరి సగటు ఖర్చు తోని ఎక్కువ కదిలింది. పూర్తి రక్షణ మాత్రం లేదు. అవే ఊర్ల లెక్కలతోని రోజెన్‌వైగ్, స్టార్క్ 1989ల వాళ్ల వ్యాసంల ఇంకొకటి చూపించిన్రు: బిడ్డలను దూరపు ఊర్లకు ఇచ్చుడు కరువు నాడు ఆదుకునే వియ్యం గూడ. ఎకనామెట్రిక్స్ (అసలు అంకెలతోని ఆర్థిక సంబంధాలను కొలిచే పేపర్) మొదలు కాకముందే ఈ రెండు వ్యాసాల ముందుమాటలన్నా చదువు.

ఎకనామెట్రిక్స్‌కు గ్రెటల్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్నది, మామూలు ల్యాప్‌టాప్‌ల నడుస్తది. ఒక హెచ్చరిక: ఏటేటా రాసిన అంకెల వరుసలు రెండు తీసుకొని రిగ్రెషన్ (ఒకటి మారితె ఇంకోటి ఎంత మారుతదో కట్టే లెక్క) నడిపితె ఆర్ స్క్వేర్ 0.95 వస్తది, అంటే గీత అంకెలకు మస్తు అతికిందని సంబురపడ్తరు. డర్బిన్ వాట్సన్ చూడు, ఒక ఏటి తప్పు తర్వాతి ఏటి తప్పుతోని ముడిపడిందా అని చెప్పే అంకె అది. అది 2 దగ్గర ఉండాలె. 0.4 ఉండి, ఆర్ స్క్వేర్ దాన్ని మించితె అనుమానపడు, గ్రేంజర్, న్యూబోల్డ్ 1974ల చెప్పింది అదే. రెండూ ఏటేటా పెరిగేవే గాబట్టి సంబంధం ఉన్నట్టు కనబడ్తది. ఏటికేటికి తేడాలు తీసి మళ్ల నడిపి చూడు, నిలబడితె అప్పుడు మాట్లాడు.

ఆఖరి సెమిస్టర్ల ప్రాజెక్టు ఉంటె బోర్ల మీదనో వలస మీదనో చెయ్యి. ‘మీ ఆదాయమెంత’ అని అడగకు, ఎవ్వరూ సరిగ్గ చెప్పలేరు. ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు, ఎన్ని క్వింటాళ్లు, ఏ ధర, ఎన్ని బస్తాల ఎరువు, ఎందరు కూలోళ్లు అని అడిగి నువ్వే లెక్క కట్టు. ఒక్కో బోరుకు ఏ సంవత్సరం, ఎన్ని ఫీట్లు, ఎన్ని ఇంచుల నీళ్లు అని రాసుకో. ఫెయిలైన బోర్లు తప్పకుండ రాయాలె. నీళ్లు పోసేవి మాత్రమే రాస్తె బోరేసుడు మస్తు లాభమని తప్పు జవాబొస్తది. వలస సర్వేల తాళమేసిన ఇండ్లు ఇడ్శిపెడితె గూడ ఇదే కథ. నువ్వు వెతికే మనుషులు ఆ ఇండ్లోళ్లే. వాళ్లు బతుకమ్మకు, దసరాకు ఊరికొస్తరు, అప్పుడు పో.

మార్కుల సంగతి ఒక్కటి. లెక్చరర్ కొలువుకు, రీసెర్చ్‌కు అర్హత పరీక్షైన యూజీసీ నెట్‌కు పీజీల 55 శాతం కావాలె, ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ బీసీలకు, వికలాంగులకు 50. మొదటి సెమిస్టర్ల తగ్గితె పూడ్చుకునుడు కష్టం. నెట్‌ల రెండు పేపర్లు, కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, నెగెటివ్ లేదు. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కు గూడ ఈ డిగ్రీతోనే పోవచ్చు, వయసు 21 నుంచి 30 లోపల. అది వ్యాసాలు రాసే పరీక్ష గాబట్టి ఇప్పటి నుంచే వారానికి ఒక జవాబు టైం పెట్టుకొని రాయి.

బత్తాయి 4 నుంచి 6 రూపాయలైతె రెండు ప్రభావాలెంతనో, స్లట్‌స్కీ లెక్కల ఒకసారి, హిక్స్ లెక్కల ఒకసారి చేసి, బొమ్మ గీసి జవాబు ఉత్తరంల పంపు.

నీ దోస్తు,
యాదగిరి