చూపిస్తే సరిపోదు, చేయించాలి

సంపాదకులకు,

పక్షవాతం వచ్చిన మనిషికి ఫిజియోథెరపీ రోజుకు గంటో రెండు గంటలో జరుగుతుంది. మిగతా వేళంతా మంచం పక్కన ఉండేది భార్యో, భర్తో, కొడుకో, కోడలో. వాళ్లకు నేర్పాల్సిందంతా చాలా వార్డుల్లో డిశ్చార్జి కాగితాలతో పాటే పది నిమిషాల్లో చెప్పి పంపేస్తున్నారు.

ఎక్కువ నష్టం జరిగేది మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడే. చచ్చుబడిన వైపు భుజాన్ని పట్టి ఉంచే కండరాల్లో బిగువు ఉండదు. ఆ చెయ్యి పట్టి లాగినా, చంకల్లో చేతులు వేసి లేపినా కీలు జారుతుంది. ఆ నొప్పి నెలల తరబడి పీడిస్తుంది, వ్యాయామం చేయనివ్వదు. కుర్చీని బాగున్న వైపు పెట్టి, బ్రేకులు వేసి, కాళ్లు పెట్టుకునే పలకలు పక్కకు తీయాలి. మనిషిని మంచం అంచుకు జరిపి, పాదాలు నేలకు ఆనాక ముందుకు వంగమనాలి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేంత వంగితే గానీ పిరుదులు లేవవు. లేపేవారు తమ మోకాలిని బలహీనమైన మోకాలికి అడ్డుపెట్టి, రోగి నడుముకు కట్టిన పట్టీ పట్టుకోవాలి. వెనక్కి వాలిన మనిషిని రెక్కల బలంతో లాగితే చివరికి లాగినవారి నడుమే పట్టేస్తుంది.

రెండో ప్రమాదం గొంతులో. మింగే పరీక్ష కాకుండా చుక్క నీళ్లయినా పోయకూడదు. పొలమారలేదు కదా అని ధీమా వద్దు, కొందరికి దగ్గు రాకుండానే తిన్నదీ తాగిందీ ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా వస్తుంది. తిన్నాక గొంతు తడితడిగా గరగరలాడితే అనుమానించాలి. నిటారుగా కూర్చోబెట్టి చిన్న చెంచాతో పెట్టాలి, చచ్చుబడిన బుగ్గలో ముద్ద మిగిలిందేమో చూడాలి, తిన్న తర్వాత 30 నిమిషాలు పడుకోనివ్వకూడదు.

చొక్కా తొడిగేటప్పుడు బలహీనమైన చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. మాట పోయినవారిని అవును, కాదు అని చెప్పగల ప్రశ్నలే అడగాలి, జవాబుకు ఆగాలి. ఆ ఆగడమే అందరికీ కష్టం.

శిక్షణ పేరుతో ఏదో ఒకటి చేస్తే చాలనుకోవడమూ పొరపాటే. 2004లో వెలువడిన లండన్ అధ్యయనంలో శిక్షణ పొందిన కుటుంబాల మీద భారం తగ్గింది. దాన్నే బ్రిటన్‌లో 36 స్ట్రోక్ యూనిట్లకు విస్తరిస్తే, 2013లో వచ్చిన ఫలితాల్లో తేడా కనిపించలేదు. జబ్బు చేసిన తొలి రోజుల దిగులులో చెప్పింది బుర్రకెక్కకపోవడం ఒక కారణం కావచ్చని ఆ పరిశోధకులే రాశారు.

కాబట్టి ఒకే విడతలో వద్దు. పరిస్థితి కుదుటపడ్డాక రోజుకో పని చొప్పున, ఇంటి దగ్గర చూసుకోబోయే మనిషి చేతే చేయించాలి, పక్కన నిలబడి దిద్దాలి. ఎవరి సాయమూ లేకుండా కుర్చీలోకి మార్చడం, తినిపించడం వచ్చాయని కేస్‌షీటులో రాయందే డిశ్చార్జి చేయకూడదు. ఇంటికి వెళ్లిన రెండు వారాల్లోపు ఆస్పత్రే ఫోన్ చేసి, రోగి గురించి అడిగాక, “మీకు నిద్ర పడుతోందా?” అని చూసుకునేవారినీ అడగాలి.

– పక్షవాత పునరావాస విభాగాల్లో పనిచేసే కొందరు ఫిజియోథెరపిస్టులు, నర్సులు