నాన్న లే!

ఒరేయ్ సాంబారూ,

నీ మెసేజీలకి జవాబివ్వలేదని అలిగావంట. ఆలస్యానికి తర్వాత తీరిగ్గా తిట్టుకో, ముందు ఇది చదువు. ఫోన్లో చెప్దామంటే సరిగ్గా అసలు ఘట్టానికి వచ్చేసరికి మీ సూపర్‌వైజర్ ఊడిపడతాడు.

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. తోతాపురి మామిడికి ఈసారీ రేటు లేదు. నా పెళ్లి సంగతి అడగొద్దు. వార్తలు సమాప్తం.

అక్క కూతురు చిన్నికి రెండు నిండి మూడో ఏడు పడింది కదా. పరుగులో దాన్ని పట్టుకోలేం గానీ మాటల దగ్గర మాత్రం మహా పిసినారి. తినేదేదైనా ‘తాయి’, నేను ‘మాయ’, రైలు ‘ఊఊ’. పాలు ఒలికినా, గ్లాసు పగిలినా చేతులు పైకెత్తి ‘గోయిందా!’ ఇది ఎవరు నేర్పారో ఒక్కరూ ఒప్పుకోరు. ఎవరైనా కుర్చీలోంచి లేస్తే చాలు, చెప్పులు తెచ్చి ముందర పెడుతుంది, ఎప్పుడూ జత కలవదు. మొన్న బావ ఆఫీసుకి ఒక కాలికి తనది, ఇంకో కాలికి అమ్మది వేసుకుని గేటు దాకా పోయాడు. టీవీ రిమోట్ ఎప్పుడు పోయినా బియ్యం డబ్బాలో వెతుకుతాం.

అమ్మకి మాటల టెన్షన్ పట్టుకుంది. పక్కింటావిడ వస అరగదీసి నాకించమంది, అక్క వద్దంది, ఇద్దరి మధ్య రెండ్రోజులు ఇంట్లో రసం కూడా సరిగ్గా కాగలేదు. పిల్లల డాక్టరేమో ఈ వయసుకి యాభై మాటలు, రెండేసి మాటలు కలిపి అనడం చూస్తాం, ఇంకో రెండు నెలలు ఆగి తీసుకురండి అన్నాడు. అంతే, బావ కేలెండరు వెనక మాటల పట్టీ మొదలెట్టాడు. దగ్గినా రాసుకుంటాడు. మన ఇంటర్నల్ మార్కుల లెక్చరర్ గుర్తొచ్చాడా?

సరే, పుట్టు వెంట్రుకలకి కొండకి పోయాం. ఘాట్ రోడ్డు మలుపుల్లో నా కొత్త చొక్కా గోయిందా, అది వదిలెయ్. కల్యాణకట్టలో టోకెనూ బ్లేడూ తీసుకుని, మేనమామని కాబట్టి ఒళ్లో నేనే కూర్చోబెట్టుకున్నా. ఏడ్చిన ఏడుపుకి అక్కడి క్షురకుడు కూడా ‘అయిపోయిందమ్మా, అయిపోయింది’ అని మొదటి వెంట్రుక తీయకముందు నుంచే బుజ్జగిస్తున్నాడు. దానికి గుండు కాగానే చందనం పూశాం, చల్లగా తగిలిందేమో ఊరుకుంది. ఈలోగా బావ మొక్కు ఉందని పక్క హాల్లో తనూ గుండు చేయించుకుని, మీసం కూడా తీయించుకుని, నవ్వుతూ వచ్చి చేతులు చాపాడు.

అది చూసింది. నా మెడ పట్టుకుంది.

‘చిన్నీ, నేనేరా బంగారూ!’

గొంతు వినగానే కళ్లు గట్టిగా మూసుకుని ‘నాన్న’ అంది. మెల్లగా ఒక కన్ను తెరిచింది. గుండు కనబడింది. ‘నాన్న లే!’ అని గట్టిగా అరిచింది. మళ్లీ కళ్లు మూసుకుంది, ‘నాన్న’. తెరిచింది, ‘నాన్న లే!’ చుట్టూ ఉన్న గుండ్లన్నీ మా వైపే తిరిగాయి. ఒకాయన అనుమానంగా చూస్తూ ‘పాప ఎవురి పాప?’ అని నన్నడిగాడు కూడా. బావ ముఖం ఎలా ఉందంటే... పాపం, వద్దులే. అక్క మాత్రం కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతూ ‘రెండు మాటలు కలిపిందండీ, రాసుకోండి!’ అంటోంది. మనిషికి ఏడవాలో మురిసిపోవాలో తెలియలేదు. పెన్ను మాత్రం అడిగాడురా, నిజం.

చివరికి వాళ్ల నాన్న నెత్తి మీద చందనం వేలితో గీకి, వాసన చూసి, సరే అనుకుంది. అక్కడితో అయితే బాగుండేది. అప్పట్నుంచి గుండున్న ప్రతి మనిషీ నాన్నే! కొండ మీద ఎన్ని గుండ్లుంటాయో నీకు చెప్పాలా? క్యూలో నా భుజమ్మీంచి వంగి ముందున్న పెద్దాయన నెత్తి మీద టపటపా కొట్టి ‘నాన్నా!’ అంది. గుండు చేయించుకున్న ఒక అవ్వని కూడా వదల్లేదు. ఆమె బోసినోటితో నవ్వి ‘మీ నాయన్ని కాదే తల్లీ, అవ్వని’ అంటే, దీనికి నచ్చలేదు, ‘నాన్న’ అని ఇంకా గట్టిగా చెప్పింది. వెంగమాంబ అన్నప్రసాదం హాల్లో వరసల్లో కూర్చున్నవాళ్లని చూసి పిచ్చెత్తిపోయింది. వేలు చూపిస్తూ నాన్న, నాన్న, నాన్న... బావ తలొంచుకుని చక్కెరపొంగలి తింటున్నాడు.

నిన్న పది రూపాయల నోటు చేతికిస్తే గాంధీ తాతని ముద్దు పెట్టుకుని ‘నాన్న’ అంది. ‘అల్లుడి విలువ పది రూపాయలకి పడిపోయింది’ అని అమ్మ నోరు జారింది. బావ ఇంకా మాట్లాడటం లేదు.

కువైట్ నుంచి వచ్చేటప్పుడు నువ్వు మాత్రం టోపీ పెట్టుకునే దిగు. నీ నడినెత్తి సంగతి నాకు తెలుసు. మీ ఆవిడ ముందు మా పిల్ల ఏమైనా అంటే నా బాధ్యత కాదు.

ఇంకొకటి చెప్పాలిరా, మన పెరుగువడ సార్ కనబడ్డాడు, ఎక్కడనుకున్నావ్... ఉండు, అమ్మని చిత్తూరు బస్సెక్కించాలి, కింద బావ హారన్ కొడుతున్నాడు. నా చెప్పు ఒకటి కనబడ్డం లే